శుక్రవారం నిప్పు

ముదలియార్‌పేటలో అన్నమ్మాళ్ చూసిందంటే పేటంతా చూసినట్టే. ఆమె మణియమ్మతో అన్నదట. మణియమ్మ ఆ మాటను కొళాయి దాకా మోసుకొచ్చి జయంతి బిందె పక్కన దించింది. "మీ ఆయన సేల్స్ ఆఫీసరంటివే. సాంబ్రాణి ఏలుమలై వెనకాల సట్టి ఊపుకుంటా పోతా ఉండాడంట. నిక్కరేసుకొని. అన్నమ్మాళ్ కండ్లారా చూసిందంట."

జయంతి బిందె నిండకముందే ఎత్తుకొని ఇంటికి వచ్చేసింది. ఆ సంగతి మొగుడితో చెప్పేటప్పుడు అతని ముఖం చూడలేదు. గోడకున్న క్యాలెండరును చూస్తూ చెప్పింది.

మొగుడు సౌందరరాజన్ సేల్స్ ఆఫీసరూ కాదు, సాంబ్రాణి వేసేవాడూ కాదు. బోర్డు లేని ఒక కేంద్ర శాఖలో ఫీల్డ్ ఏజెంటు. కోడ్ నేమ్ 'వేప'. పెళ్ళానికైనా చెప్పకూడని ఉద్యోగం. అందుకని, కంపెనీవాళ్ళు ధూపం సరుకు మొదలుపెడుతున్నారు, మార్కెట్ సర్వే చేసి రమ్మన్నారు అని చెప్పాడు. జయంతి తల ఊపి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నమ్మి ఉంటే నాలుగు మాటలు తిట్టేది. ఆమె తిట్టకపోవడమే అతనికి గుచ్చుకుంది. పగవాళ్ళ తుపాకీ ముందు నిలబడ్డవాడు కొళాయి దగ్గర ఆడవాళ్ళ నవ్వుకు తల ఎత్తలేకపోయాడు.

ఆ నిక్కరు సంగతి మొదలైంది లాస్‌పేటలో.

అక్కడ ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. సెల్‌ఫోన్లకు ఇన్‌కమింగ్ ఉచితమైన కొత్తలో కూడా అక్కడ పాత టైపు మిషన్లు టకటకలాడుతూ ఉండేవి. ఆ చప్పుడు చాటునే శాఖ పని నడిచేది. కౌంటరు దగ్గర "హాల్ టికెట్‌కు నీలం ఫోటో పనికొస్తుందా?" అని అడగాలి. "ఎర్రదైతే మేలు" అని జవాబు వస్తే వెనక గదిలోకి పోవచ్చు.

వెనక గదిలో చీఫ్ తిలకవతి మేడమ్. పక్క కుర్చీలో హేమమాలిని. హేమమాలిని శాఖకున్న డబుల్ ఏజెంటు. బీచ్ రోడ్డు పక్కన పడవలకు రంగులమ్మే మార్సెల్ అనే దొర ఆఫీసులో రిసెప్షనిస్టు. ఆ దొరకు ఎన్ని పాస్‌పోర్టులో అన్ని దేశాలు. హేమమాలిని మెడ తిప్పినప్పుడల్లా చెవులకు వేలాడే రాళ్ళు గోడ మీద వెలుగు చుక్కలు ఆడించేవి.

"నీలిగవ్వ రింగ్" అని మొదలుపెట్టింది తిలకవతి. "సముద్రంలో పడవల నుంచి కోడ్‌లో మాట్లాడుకుంటారు. మన తీరం కాపలా ఎప్పుడు, ఎక్కడ తిరుగుతుందో అమ్ముకుంటారు. ఆ కోడ్ విప్పే పెట్టె ఒకటి తయారవుతోంది. ముదలియార్‌పేటలో రాఘవన్ అని, మెరైన్ రేడియోలు బాగుచేసే ఇంజనీరు. పెట్టె అతని వర్క్‌షాపు లోపలి గదిలో ఉంది. శుక్రవారం దాన్ని లేకుండా చేస్తారని హేమ సమాచారం."

"బాంబా మేడమ్?"

"బాంబు పెడితే పెట్టినవాణ్ణి వెతుకుతారు. ఇది పెడితే ఎవరూ వెతకరు."

టేబుల్ మీద ఒక స్ప్రే డబ్బా పెట్టింది. ఏ రేడియో షాపులో చూసినా ఉండే క్లీనర్. సర్క్యూట్ల మీద జిడ్డు వదలగొట్టడానికి కొడతారు, చిటికెలో ఆరిపోతుంది. ఆరిపోవడమంటే మాయమవడం కాదని చెప్పింది తిలకవతి. లోపలున్న సాల్వెంటు మండేదే, దాన్ని బయటికి తోసే గ్యాసూ మండేదే.

తర్వాత చూరు నీళ్ళు జారడానికి వేసే రేకు తూము ఒకదాన్ని ఏటవాలుగా పెట్టించింది. కింది కొస దగ్గర నేల మీద వెలిగించిన కొవ్వొత్తి. పై కొసన గుడ్డపేలిక. పేలిక మీద స్ప్రే కొట్టి, డబ్బా తీసుకొని దూరంగా జరిగింది. ఏమీ కాలేదు. సౌందరరాజన్ ఆవులింత ఆపుకున్నాడు. అంతలో కొవ్వొత్తి దగ్గర భగ్గుమంది. నీలం మంట తూములో పాము ఎగబాకినట్టు ఎగబాకి పై కొసనున్న పేలికను అంటుకుంది.

"స్ప్రే కొట్టినచోట నిప్పు లేదు. నిప్పున్నచోట స్ప్రే కొట్టలేదు" అంది తిలకవతి, పేలిక మీద తడి గోనె వేస్తూ. "ఆవిరి గాలికన్నా బరువు. నీళ్ళలాగే పల్లానికి పోతుంది. కంటికి కనపడదు. నిప్పు యాడుంటే ఆడికిపోయి, దాన్ని తోడు పెట్టుకొని వెనక్కి వస్తుంది."

ఆమె నోట ఇంటి యాస రావడం అదే మొదటిసారి.

ఆ తర్వాత ఆమె చాలా చెప్పింది. డబ్బాలను ఎండలో ఉంచొద్దు, ఖాళీవని చిల్లు పొడవొద్దు. ఆవిరి నిండిన గదిలో స్విచ్చి వెయ్యనూ కూడదు, ఆర్పనూ కూడదు. అన్నిటికన్నా ముఖ్యమైంది వరుస. ఆ వరుస ఏమిటో ఆమె చెబుతున్నప్పుడు హేమమాలిని జుట్టు సర్దుకుంది. గోడ మీద వెలుగు చుక్కలు ఆడాయి. సౌందరరాజన్ వాటి వెంట పోయాడు.

"వేప, ఆఖర్న ఏం చెప్పాను?"

"తలుపులు తెరిచి గాలి ఆడించాలి మేడమ్."

"సగం విన్నావు" అంది తిలకవతి. మిగతా సగం మళ్ళీ చెప్పబోతుంటే ఫోను మోగింది. అతను మళ్ళీ అడగలేదు.

శుక్రవారం ఆ వర్క్‌షాపులోకి పోవడానికి వేషం మాత్రం అతని సొంత ఆలోచనే. శుక్రవారం సాయంత్రం పాండిచ్చేరిలో ప్రతి అంగడికీ సాంబ్రాణి పొగ పడాలి. తీగ పిడి ఉన్న ఇనుప సట్టిలో బొగ్గులు కణకణలాడించుకుంటూ ఒక మనిషి వస్తాడు, గల్లాపెట్టె నుంచి దేవుడి పటం దాకా పొగ చూపిస్తాడు, పోతాడు. ఎవరూ అతని ముఖం చూడరు. లోపలి గదిలోకి పోతున్నా ఏందని అడగరు. గూఢచారికి ఇంతకంటే మంచి పాస్‌పోర్టు ఏముంటుంది?

ముదలియార్‌పేట వీధి ఏలుమలైది. తండ్రి నాటి నుంచి ఆ అంగళ్ళకు వాళ్ళదే పొగ. సౌందరరాజన్ అతని దగ్గరకు పోయి, కొన్నాళ్ళు నీతో తిరిగి ఈ పని నేర్చుకుంటాను అన్నా, అని అడిగాడు. ఏలుమలై అతన్ని పైనుంచి కింది దాకా చూశాడు. ఉద్యోగం పోయినట్టుంది, ఇంట్లో చెప్పుకోలేక అవస్థ పడుతున్నాడు అని తనకు తానే అర్థం చేసుకున్నాడు. ఎందుకని అడగలేదు. తన పాత నిక్కరు ఒకటి ఇచ్చాడు.

"చెయ్యి భయపడతా ఉండాది తంబీ. సట్టి దానంతటది ఊగాల, నువ్వు ఊపినట్టుండకూడదు" అనేవాడు. పనికి చెప్పులు వద్దన్నాడు. ఒకటి మాత్రం గట్టిగా చెప్పాడు. శుక్రవారం నిప్పును వీధి మధ్యలో ఆరనివ్వకూడదు. ఆఖరి అంగడి దాకా అదే నిప్పు పోవాలి. మధ్యలో ఆరితే, ఆరినచోటి నుంచి అవతలి అంగళ్ళకు అరిష్టమంటారు, మరుసటి వారం రానివ్వరు. "వాన వచ్చినా, నా పెండ్లాం పురుటినొప్పులు పడినా ఆర్పింది లేదు" అన్నాడు.

సౌందరరాజన్ సరేనన్నాడు. విసనకర్ర పిడిలో దాచిన మైక్రోఫోను సరిగ్గా పనిచేస్తుందో లేదో అని చూసుకుంటున్నాడు అప్పుడు.

శుక్రవారానికి ముందు అతను హేమమాలినిని బీచ్ రోడ్డులో కలిశాడు. ఒక ఏజెంటు వేషం ఇంకో ఏజెంటుకు తెలియకూడదన్నది శాఖలో మొదటి రూలు. సముద్రపు గాలికి ఆమె పైట ఎగురుతోంది. ఎలా వస్తావు, నిన్ను ఎలా గుర్తుపట్టాలి అని అడిగింది.

"ఎవరూ కనిపెట్టలేని వేషం" అని, సాంబ్రాణి సంగతంతా చెప్పేశాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు మెచ్చుకోలు అనుకున్నాడు.

"దేవుడి పటం లోపలి గదిలోనే ఉంది. అక్కడి దాకా వెళ్ళు. మార్సెల్ మనిషి ఆ గదిలోనే దాక్కొని ఉంటాడు" అంది.

శుక్రవారం సాయంత్రం వీధి మామూలుగానే ఉంది. ముందు సౌందరరాజన్ సట్టితో, వెనక ఏలుమలై బొగ్గుల సంచితో. బియ్యం అంగడి, మందుల షాపు, టైలరు. మందుల షాపు మెట్ల మీద మణియమ్మ పళ్ళెంలో చిల్లర వేసి, కళ్ళు మూసుకొని పొగను రెండు చేతులా ముఖానికి అద్దుకుంది. కళ్ళు తెరిచి, ఎదురుగా ఉన్నదెవరో చూసి, వేసిన చిల్లరను మళ్ళీ తీసుకోవాలా వద్దా అన్నట్టు నిలబడిపోయింది. సౌందరరాజన్ సట్టి ఊపుకుంటూ ముందుకు నడిచాడు.

రాఘవన్ వర్క్‌షాపులో ముందు గది చీకటిగా ఉంది. కరెంటు పోయిందన్నాడు రాఘవన్. ఇద్దరు పనివాళ్ళు టీ తాగుతున్నారు. పక్క షాపులో ఫ్యాను తిరుగుతోందన్నది వాళ్ళు గమనించలేదు. మధ్యాహ్నం ఒక అమ్మాయి పాత పడవ రేడియో రిపేరుకు తెచ్చిందనీ, పెద్ద పెట్టె కాబట్టి లోపల పెట్టించామనీ రాఘవన్ ఏలుమలైతో చెబుతున్నాడు. అతని వేళ్ళ మధ్య ఎప్పుడూ నస్యం ఉంటుంది. ఆ ముక్కుకు వేరే వాసన తెలియదు. పనివాళ్ళకు ఆ క్లీనర్ వాసన ఊపిరితో సమానం.

"లోపల దేవుడికి చూపించిపో" అన్నాడు రాఘవన్.

సౌందరరాజన్ లోపలి గది తలుపు దగ్గరకు పోయాడు. మూసి ఉంది. గడియ మీద చెయ్యి వేశాడు. అప్పుడు పాదాలకు చల్లగా తగిలింది.

ఎండాకాలం సాయంత్రం. చేతిలో నిప్పుల సట్టి. ఒళ్ళంతా చెమట. తలుపు కింది సందులోంచి మాత్రం మంచు లాంటి గాలి పాదాల మీదుగా పారుతోంది. చెప్పులుంటే తెలిసేది కాదు. చెవి ఒగ్గాడు. లోపల సన్నగా బుస్సుమనే చప్పుడు. ఒక పాము కాదు, పాముల పుట్ట.

రేకు తూము కళ్ళముందు కదిలింది. పల్లానికి పోతుంది. నిప్పు కోసం వెతుకుతుంది.

మార్సెల్ మనిషి గదిలో లేడు, హేమ చెప్పింది అబద్ధం. మధ్యాహ్నం ఆ అమ్మాయి తెచ్చిన రేడియో పెట్టెలో మీటలు నొక్కి టేపు చుట్టిన స్ప్రే డబ్బాలున్నాయి. కరెంటు పోలేదు, ఎగ్జాస్ట్ ఫ్యాను తిరగకుండా ఫ్యూజు పీకేశారు. ఇక కావలసింది నిప్పు. దాన్ని శాఖే పంపించింది. నిక్కరు తొడిగి, జీతమిచ్చి.

సట్టిని రెండు చేతులా తల మీదికి ఎత్తాడు. ఊపకుండా, ఒక్క రవ్వ రాలకుండా, వెనక్కి అడుగులో అడుగు వేశాడు. బొగ్గు చిటపటమన్నప్పుడల్లా ఒక క్షణం ఆగాడు. నీళ్ళకుండ మోసే ఆడమనిషి నడిచినట్టు నడిచి వీధిలోకి వచ్చాడు. రాఘవన్‌నూ పనివాళ్ళనూ బయటికి పొమ్మని చెప్పిన గొంతు ఎలాంటిదో, వాళ్ళు టీ గ్లాసులతో సహా పరుగెత్తారు.

సట్టిని ఏలుమలై చేతిలో పెట్టాడు. "తీసుకుపో అన్నా."

అంతే అన్నాడు. ఎక్కడికి అనలేదు. ఆర్పమనలేదు.

తడి తువ్వాలు ముక్కుకు కట్టుకొని, తడిపిన గోనెసంచి ఒకటి పట్టుకొని మళ్ళీ లోపలికి ఉరికాడు. గది వెనక వైపు ఇనుప తలుపు ఒకటి ఉంది, సందులోకి దిగే మెట్ల మీదికి. తలుపులు తెరిచి గాలి ఆడించాలి. విన్న సగం అది. గడియను తడిపి మెల్లగా జరిపి, తలుపు తోశాడు. చల్లటి బరువు ఒకటి అతని పాదాలను దాటి మెట్లు దిగిపోవడం తెలిసింది. పెట్టె దక్కింది, వీధి దక్కింది అనుకున్నాడు.

అప్పుడు సందులోకి చూశాడు.

మెట్లకు కాస్త దూరంలో, గాలి తగలని గోడ మూలన ఏలుమలై గొంతుక్కూర్చున్నాడు. సట్టి నేల మీద ఉంది. నివురు కప్పుతున్న బొగ్గులను విసనకర్రతో విసురుతూ, నిప్పును బతికిస్తున్నాడు. అవతల ఇంకా సగం వీధి ఉంది మరి.

ముందు నిప్పును దూరంగా పంపించాలి, చుట్టూ ఉన్న సందుల్లోంచి కూడా. ఆ తర్వాతే తలుపు. తిలకవతి చెప్పిన వరుస, గోడ మీద వెలుగు చుక్కల వెనక ఎక్కడో పడి ఉన్న మాట, ఇప్పుడు చెవిలో మోగింది.

నోరు తెరవాలా, తలుపు మూయాలా? ఒక్కటే చేయగల సమయం ఉంది. చేతులు ముందే తలుపు మీద ఉన్నాయి.

ఇనుప తలుపు ధన్‌మని మూసుకుంది. తలుపు కింది ఖాళీలోకి తడి గోనెసంచి తన్నాడు. అవతల 'భగ్' మని ఒకే ఒక చప్పుడు. మంట మెట్లెక్కి వచ్చి తలుపును ఒకసారి తట్టి, ఆవిరి దొరకక ఆరిపోయింది. లోపల కోడ్ విప్పే పెట్టె చెక్కుచెదరలేదు.

ఎదురుగా ఉన్న ఎస్‌టీడీ బూత్‌లో నిలబడి చూస్తున్న హేమమాలినిని శాఖ మఫ్టీవాళ్ళు పట్టుకున్నారు. మార్సెల్ ఆమెను ఎక్కువ ధరకు ఎప్పుడో తనవైపు తిప్పుకున్నాడు. అతనూ ఆ సాయంత్రమే విల్లియనూరు రోడ్డులో దొరికాడు. జీపు ఎక్కుతూ హేమమాలిని సౌందరరాజన్ నిక్కరు వైపు చూసింది. "చెప్పకుండా ఉండి ఉంటే నీ వేషం నిజంగా బాగుండేది" అంది. సందులోంచి ఏలుమలైని తడి దుప్పటిలో చుట్టి తెస్తున్నారు అప్పుడు.

లాస్‌పేటలో తిలకవతి శభాష్ అనలేదు. ఆపరేషన్ సక్సెస్ అని మాత్రం అంది. నీలిగవ్వలో మిగిలినవాళ్ళకు పెట్టె కాలిపోలేదని తెలియకూడదు కాబట్టి, మంటకు ఒక మామూలు కారణం కావాలంది. సాంబ్రాణి వేసేవాడి అజాగ్రత్త అంటే అందరూ నమ్ముతారు. నీకేమైనా అభ్యంతరమా అని అడిగింది.

అతను తల అడ్డంగా ఊపాడు. అభ్యంతరం లేదని అర్థం.

పేపర్లో చిన్న వార్త వచ్చింది. ఏలుమలై పేరు, వయసు, ముదలియార్‌పేట. కొళాయి దగ్గర అన్నమ్మాళ్, వాడు తాగి నిప్పుతో ఆడాడంట అని చెప్పింది. మణియమ్మ ఆ మాటను ఈసారి జయంతి దాకా మోయలేదు. మందుల షాపు మెట్ల మీద తాను చూసింది ఎవరినో ఆమెకు గుర్తుంది. కానీ జయంతికి ఆ వార్త చాలు. పేపరు మడిచి మొగుడి కంచం పక్కన పెట్టింది.

"ఆ పొద్దు ఆయనతో ఉండింది మీరు గదా?"

అతను అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"నేను పోయి ఆయన్ను చూసొస్తా ఉండాను. మీరు వచ్చినా సరే, రాకున్నా సరే."

వెళ్ళాడు. ఏలుమలై ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చి ఉన్నాడు. ఒకటే గది. సట్టి మూలన బోర్లించి ఉంది. అతని భార్య పూంగావనం జయంతికి స్టూలు వేసింది. సౌందరరాజన్ నిలబడ్డాడు. ఏలుమలై రెండు చేతులూ మోచేతుల దాకా కట్లలో ఉన్నాయి. ఆ చేతులను ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒడిలో పెట్టుకున్నాడు.

మాటలన్నీ పూంగావనమే చెప్పింది, జయంతి వైపు చూసి. అంగళ్ళవాళ్ళు వేరే మనిషిని పెట్టుకున్నారట. నిప్పంటించిన చేతి పొగ మాకొద్దన్నారట, కట్లు విప్పినాక కూడా రావద్దన్నారట. ఆసుపత్రికి పోలీసులు వచ్చి, నీతోపాటు సట్టి పట్టింది ఎవరని అడిగితే ఈయన ఎవరూ లేరనే చెప్పాడట. "ఆ బిడ్డకు పని పోయి ఉండాది, ఇంట్లో తెలీదు, వాని పేరు పేపర్లో పడితే ఉరేసుకుంటాడు అంటాడు. ఎవరో ఏమో, పేరు నాకే చెప్పలేదు" అంది.

జయంతి మొగుడి వైపు తిరిగింది. క్యాలెండరును చూడలేదు. అతన్నే చూసింది.

సౌందరరాజన్ తెలిసినవాళ్ళకు చెప్పి ఏదైనా వాచ్‌మన్ పని చూస్తానన్నాడు. జయంతి చూపు తిప్పలేదు. ఇక నిలబడలేక, శాఖ రూలు పక్కనపెట్టి, చెప్పగలిగినంత చెప్పాడు. తనకు పని పోలేదని, ఆ మంట ప్రమాదం కాదని, దాని వెనక పరాయివాళ్ళున్నారని, ఏలుమలై తప్పు ఏమీ లేదని తనకూ తన పైవాళ్ళకూ తెలుసునని.

"కానీ ఇది దేశానికి సంబంధించిన రహస్యం అన్నా" అన్నాడు. "బయటపెట్టకూడదు. ఏదో ఒకటి చెప్పి దాచాల్సి వచ్చింది."

ఏలుమలై కట్లలో ఉన్న చేతులను చూసుకున్నాడు. తర్వాత తల ఎత్తాడు.

"నేనూ దాస్తినే తంబీ, నీ పేరు. దానికి ఇంకొకరి పేరు చెప్పలేదే?"